పదెకరాల పొలానికి ఏ ఏటీవీ? సీసీ కన్నా ముందు తూచవలసిన బరువులు

డల్లాస్ నగరానికి గంట అటూ ఇటూ దూరంలో ఉన్న ఎల్లిస్, హంట్, గ్రేసన్ వంటి కౌంటీల్లో పది పదిహేను ఎకరాలు కొనుక్కుని, నాలుగు ఆవులనో పది మేకలనో పెట్టుకుని, వారాంతాల్లో పొలం చూసుకునే తెలుగు కుటుంబాలు అక్కడక్కడా కనిపిస్తున్నాయి. టెక్సాస్‌లో భూమికి వ్యవసాయ విలువ మీద పన్ను కట్టే వెసులుబాటు దక్కాలంటే, గడిచిన 7 సంవత్సరాల్లో కనీసం 5 సంవత్సరాలు ఆ భూమి ప్రధానంగా వ్యవసాయానికే వాడి ఉండాలి. కనుక కొన్న పొలాన్ని ఊరికే పడావు పెట్టడానికి ఎవరూ ఇష్టపడరు. మేత వేయాలి, కంచె చూసుకోవాలి, కలుపు మందు కొట్టాలి, నరికిన కొమ్మలు ఒకచోటికి చేర్చాలి. ఈ పనులన్నీ కాలినడకన ఒక్క వేసవి చేసి చూసినవారికి ఏటీవీ మీద, అంటే మోటార్ సైకిల్ మీద మాదిరిగా కూర్చుని హ్యాండిల్‌తో నడిపే నాలుగు చక్రాల బండి మీద, మనసు పోవడం సహజం.

అయితే ఆ ఆలోచన సాధారణంగా మొదలయ్యేది ఇంజిన్ సైజుతో. నాలుగు వందల సీసీ చాలా, ఏడు వందలు తీసుకోవాలా అన్న ప్రశ్న మోటార్ సైకిళ్ల నుంచి వచ్చిన అలవాటు. పొలం పనికి కొనే బండి విషయంలో ఈ ప్రశ్న చివరిది కావాలి. మొదట చూడవలసింది రోజూ ఏ బరువును, బండి మీద ఏ చోట పెట్టి, ఎలాంటి నేల మీద తీసుకువెళ్లాలన్నది. ఇంట్లో ఉన్న తూకం మీద దాణా బస్తా, మందు డబ్బా, కంచె తీగ చుట్ట ఒక్కొక్కటే పెట్టి రాసుకున్న కాగితం షోరూములో ఇచ్చే రంగుల కరపత్రం కన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది.

పనివారి బండిగా అమెరికాలో ఏళ్ల తరబడి పేరున్న హోండా రాంచర్‌ను నమూనాగా తీసుకుంటే సంగతి తేలికగా అర్థమవుతుంది. దాని ఇంజిన్ 420 సీసీ. ముందు క్యారియర్ మీద 30 కిలోలు, వెనక క్యారియర్ మీద 60 కిలోలు మాత్రమే పెట్టవచ్చునని, ట్రైలర్‌తో కలిపి 385 కిలోల వరకు లాగవచ్చునని కంపెనీ చెబుతుంది. అదే కంపెనీ 520 సీసీ రూబికాన్‌లో ఈ అంకెలు ముందు 45, వెనక 85, లాగుడుకు 600 కిలోలుగా ఉన్నాయి. పశువుల దాణా బస్తా ఒకటి 50 పౌండ్లు, అంటే 23 కిలోలకు కొంచెం తక్కువ. రాంచర్ వెనక రెండు బస్తాలు పెట్టవచ్చు, మూడోది పెట్టకూడదు. రూబికాన్ వెనక మూడు నిశ్చింతగా పెట్టవచ్చు. వంద సీసీల తేడాతో వచ్చేది ఒక్క బస్తా. వీటన్నిటి మీద మొత్తం పరిమితి మరొకటి ఉంటుంది. నడిపే మనిషి, రెండు క్యారియర్ల మీది సరుకు, ట్రైలర్ మూతి హిచ్ (బండి వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద మోపే బరువు కలిపి ఆ అంకె దాటకూడదు. నడిపేవారు 95 కిలోల మనిషి అయితే క్యారియర్‌కు మిగిలే వాటా ఆమేరకు తగ్గుతుంది.

తెలుగు నేల మీద పెరిగినవారికి ఈ అంకెలు నవ్వు తెప్పించవచ్చు. గుంటూరు, వరంగల్ పల్లెల్లో వంద సీసీ మోపెడ్ మీద 45 కిలోల యూరియా బస్తాలు రెండేసి వేసుకుని గట్ల వెంట పోయే రైతులు నిత్యం కనిపిస్తారు. అలాంటిది పాతిక వేల రూపాయల జీతగాడికి రెండేళ్ల సంపాదనంత ఖరీదు చేసే నాలుగు చక్రాల బండి 60 కిలోలకే చేతులెత్తేయడం ఏమిటన్న అనుమానం సమంజసమే. జవాబు బలంలో లేదు, నిలకడలో ఉంది. మోపెడ్ మీద బస్తా కాళ్ల దగ్గర, నేలకు జానెడు మూరెడు ఎత్తులో ఉంటుంది. ఏటీవీ క్యారియర్ చక్రాల పైన, నడుమెత్తులో ఉంటుంది. బండి వెడల్పు దాదాపు నాలుగు అడుగులే, కింద నేలకు ఖాళీ ఎక్కువ, టైర్లలో గాలి 5 పిఎస్ఐ దరిదాపుల్లోనే ఉండే మెత్తదనం. ఎత్తున పెట్టిన ప్రతి కిలో ఆ బండి గరిమనాభిని పైకి జరుపుతుంది. కంపెనీ ఇచ్చిన పరిమితి క్యారియర్ విరిగే బరువు కాదు, బండి పల్టీ కొట్టడానికి సిద్ధమయ్యే బరువుకు ఇవతల గీసిన గీత.

ఇది అన్నిటికన్నా స్పష్టంగా తెలిసేది మందు కొట్టే ట్యాంకుతో. దుకాణాల్లో ఏటీవీ స్ప్రేయర్లు 15 గ్యాలన్లు, 25 గ్యాలన్లుగా దొరుకుతాయి. ధర తేడా కొద్దిగానే ఉంటుంది కనుక పెద్దది తీసుకోవాలనిపిస్తుంది. కాని 15 గ్యాలన్ల నీరంటే 57 కిలోలు, 25 గ్యాలన్లంటే 95 కిలోలు. ట్యాంకు, పంపు, గొట్టాల బరువు వేరే. అంటే చిన్న ట్యాంకు నిండా నింపితేనే రాంచర్ వంటి బండి వెనక క్యారియర్ పరిమితి దాటిపోతుంది. పెద్ద ట్యాంకు రూబికాన్‌కు కూడా ఎక్కువే. నిండుకుండ తొణకదన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. సగం ఖాళీ అయిన ట్యాంకులో నీరు మలుపులో ఒక పక్కకు, వాలు మీద దిగువ వైపుకు ఒక్కసారిగా జరుగుతుంది. బండి ఏ వైపు పడబోతున్నదో నీటి బరువూ సరిగ్గా ఆ వైపే చేరుతుంది. మందు ఎక్కువగా కొట్టవలసి ఉన్నవారు క్యారియర్ మీది ట్యాంకును పక్కన పెట్టి, రెండు చక్రాల మీద వెనక లాగే స్ప్రేయర్‌ను కొనడం మేలు. అప్పుడు నీటి బరువు లాగుడు లెక్కలోకి పోతుంది, నిలకడ లెక్కలోకి రాదు.

దీనికి విరుద్ధంగా, ఏటీవీకే పుట్టినట్టుండే పనులు కొన్ని ఉన్నాయి. టెక్సాస్ పొలాల్లో కాలు పెట్టనివ్వని ఎర్ర చీమల పుట్టలకు చల్లే ఎర మందు ఎకరానికి పౌండు, పౌండున్నర సరిపోతుంది. పదెకరాలకు మహా అయితే 7 కిలోలు. అంత తక్కువ మందును అంత విస్తీర్ణంలో సమంగా చల్లడానికి ట్రాక్టర్ అనవసరం, చేత్తో చల్లితే సమంగా పడదు. వెనక చిన్న చల్లే యంత్రం బిగించిన ఏటీవీ ఆ పనిని ఒక పూటలో ముగిస్తుంది. కంచె వెంట తిరిగి తెగిన తీగ చూసుకోవడం, దూరాన ఈనిన మేకను వెతకడం, గేటు మరిచిపోయి తెరిచి వచ్చామేమోనని వెనక్కి పోవడం కూడా ఈ కోవలోవే.

లాగే బరువు విషయంలో అంకెలు ఉదారంగా కనిపిస్తాయి గాని వాటినీ విప్పి చూడాలి. 385 కిలోల్లో ఇనుప ట్రైలర్ ఒక వంద కిలోలు తింటుందనుకుంటే మిగిలేది 285, అంటే పన్నెండు దాణా బస్తాలు. పదెకరాల పొలానికి అది చాలు. చాలనిది మట్టి, కంకర తోలేటప్పుడు. ట్రైలర్ సగం కూడా నిండకుండానే పరిమితి వచ్చేస్తుంది, కళ్లకు మాత్రం ఖాళీగా ఉన్నట్టే తోస్తుంది. చదును నేల మీద బండి అంతకు రెట్టింపు కూడా లాగుతుంది, లాగినవారు ఆ మాట గొప్పగా చెబుతారు కూడా. పరిమితి పెట్టింది లాగలేకపోతుందని కాదు, ఆగలేకపోతుందని. ఆ చిన్న ట్రైలర్లకు బ్రేకులుండవు. చెరువు గట్టు దిగేటప్పుడు వెనక ఉన్న బరువు బండిని ముందుకు తోస్తుంది, వెనక చక్రాలు పట్టు తప్పి పక్కకు ఒరుగుతాయి. టెక్సాస్ రైతులు పశువులు నీళ్లు తాగే ఇలాంటి చిన్న చెరువును ట్యాంకు అంటారు. ట్యాంక్‌బండ్ ఎరిగిన హైదరాబాదీలకు ఆ మాట కొత్తగా అనిపించదు. ఆ గట్టే పొలంలో అత్యంత ప్రమాదకరమైన చోటు.

ఇంకొక సంగతి లాగుడుకే సంబంధించినది. మొద్దును పెకలించడానికో, దూలాన్ని ఈడ్చడానికో గొలుసును వెనక క్యారియర్‌కు కట్టడం తరచూ జరిగే పొరపాటు. ఇరుసు కన్నా ఎత్తులో లాగుడు పడితే ముందు చక్రాలు లేచి బండి నడిపేవారి మీదికే వెనక్కి తిరగబడుతుంది. లాగవలసిందేదైనా కింద ఉన్న హిచ్‌కే తగిలించాలి. మొద్దులు పీకడం ఏటీవీ పని కానే కాదన్నది అంతకన్నా మంచి సూత్రం.

ఇప్పుడు ఇంజిన్ దగ్గరికి రావచ్చు. పొలంలో వేగం గంటకు పది పదిహేను కిలోమీటర్లు మించదు కనుక నాలుగు వందల నుంచి ఆరు వందల సీసీల మధ్య ఉన్న ఏ ఇంజినైనా సరిపోతుంది. ఏడు వందలు దాటినవి ఎక్కువ లాగడానికి కన్నా ఎక్కువ ఉరకడానికి పనికివస్తాయి. తేడా చూపించేది ఇంజిన్ శక్తి చక్రానికి చేరే దారి. పొలారిస్, యమహా, కాన్-యామ్ వంటి చాలా కంపెనీలు స్కూటర్లలో మాదిరిగా బెల్టు మీద నడిచే ఆటోమేటిక్ పద్ధతిని వాడుతాయి. నడపడం సుళువు, మేకల మందలో ఆగుతూ సాగుతూ పోవడానికి హాయి. అయితే బరువు లాగుతూ నెమ్మదిగా పోయేటప్పుడు ‘లో’ గేరులో పెట్టుకోవాలి. అలా కాకుండా ‘హై’లోనే ఈడిస్తే బెల్టు జారుతుంది, వేడెక్కుతుంది, కాలిన రబ్బరు వాసన వస్తుంది, ఆ తర్వాత బిల్లు వస్తుంది. హోండా పనిబండ్లు బెల్టు లేకుండా గేర్లనే నమ్ముకున్నాయి. కాలితో మార్చేవి, హ్యాండిల్ మీది మీటతో మార్చేవి, తమంతట తామే మార్చుకునేవి మూడు రకాలూ ఉన్నాయి. బెల్టు మార్చే ఖర్చు లేదు, వాలు దిగేటప్పుడు ఇంజిన్ గట్టిగా పట్టి ఉంచుతుంది. కాని బెల్టు బండ్లలో మాదిరిగా విడిగా ‘లో’ అమరిక అన్ని మోడళ్లలోనూ ఉండదు. కనుక బరువు లాగే పని ఎక్కువైతే ‘లో’ ఉన్నదా లేదా అని అడిగి తెలుసుకున్న తర్వాతే బయానా ఇవ్వాలి.

వెనక ఇరుసు ఎంపిక నేలను బట్టి ఉంటుంది. డల్లాస్ మీదుగా శాన్ ఆంటోనియో వైపు సాగే బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ నేల మన నల్లరేగడికి సొంత చుట్టం. రెండింటినీ మృత్తికా శాస్త్రం వర్టిసాల్స్ అన్న ఒకే తరగతిలో చేరుస్తుంది. వాన పడితే ఉబ్బి జిగురవుతుంది, ఎండితే కాలు దిగేంత బీటలు వారుతుంది. కర్నూలు, ఆదిలాబాద్ రైతులు వాన వెలిసిన వెంటనే చేలోకి బండి దింపరు. టెక్సాస్‌లోనూ అంతే, చక్రాల గాడులన్నీ బంకమట్టితో పూడి టైరు నున్నటి గుండ్రాయిలా మారిన తర్వాత నాలుగు చక్రాలు తిరిగినా, ఇరు పక్కల చక్రాలూ కలిసి తిరిగేలా కట్టిపడేసే డిఫరెన్షియల్ లాక్ వేసినా ప్రయోజనం అంతంతమాత్రమే. ఈ నేలలో బండి ఎంపిక కన్నా రెండు రోజులు ఆగడం గొప్ప సాధనం. అలా దిగబడి చేసిన గాడులు ఎండాక ఇటుకల్లా గట్టిపడతాయి, ఆ తర్వాత వేసవి పొడవునా వాటి మీదే తిరగాలి. రెండు చక్రాలకూ కలిపి ఒకే కడ్డీ ఉన్న గట్టి ఇరుసు ఆ గాడుల్లో నడుము విరిచేస్తుంది. విడివిడిగా కదిలే వెనక సస్పెన్షన్ దెబ్బను మింగుతుంది. కాని గట్టి ఇరుసు మీద బరువు పెట్టినప్పుడు, ట్రైలర్ తగిలించినప్పుడు బండి వెనక అంతగా కుంగదు, అరిగే కీళ్లు తక్కువ. విడి సస్పెన్షన్‌లో ఒక్కో చక్రానికి రబ్బరు తొడుగులు ఉంటాయి, నరికిన పొదల మొరళ్లు గుచ్చుకుంటే అవి చిరుగుతాయి, చిరిగిన తొడుగులోకి మట్టి చేరితే కీలు పోతుంది. రోజుకు అరగంట వాడుతూ ఎక్కువగా లాగే పనే ఉన్నవారికి గట్టి ఇరుసు, గంటల తరబడి తిరిగేవారికి, నడుమునొప్పి ఉన్నవారికి విడి సస్పెన్షన్ అన్నది ఉజ్జాయింపుగా సరైన విభజన.

మొరళ్ల మాట వచ్చింది కనుక టైర్ల సంగతి కూడా చెప్పాలి. ఉత్తర టెక్సాస్ పొలాల్లో పాతుకుపోయిన మెస్కీట్ చెట్టు మన సర్కారు తుమ్మకు దాయాది. ముల్లు పొడవూ పదునూ అదే తీరు. కొత్త బండితో వచ్చే పలుచని టైర్లు ఆ ముల్లుకు ఒక లెక్క కాదు. అమ్మకందారుతో ధర మాట్లాడేటప్పుడే 6 ప్లై రేటింగ్ ఉన్న మందపాటి టైర్లు వేయించుకోవడం, లోపల పంచర్ ద్రవం పోయించుకోవడం తర్వాతి చికాకును తప్పిస్తుంది. గాలి చూసుకోవడానికి తక్కువ పీడనాన్ని చూపే గేజి ప్రత్యేకంగా కొనాలి. కారు గేజిలో 4 పిఎస్ఐకీ 7 పిఎస్ఐకీ ముల్లు ఇంచుమించు ఒకేచోట ఉంటుంది, బండికి మాత్రం ఆ తేడా చాలా పెద్దది.

పైన చెప్పిన తూకం కాగితంలో వెనక 60, 80 కిలోలు దాటే వరసలు మూడు నాలుగు తేలినా, రోజూ ఇద్దరు మనుషులు కలిసి తిరగవలసి ఉన్నా ఏటీవీ ఆలోచన మానుకుని సైడ్ బై సైడ్ వైపు చూడాలి. పక్కపక్కన సీట్లు, స్టీరింగ్ చక్రం, సీటు బెల్టు, తల మీద ఇనుప చట్రం, వెనక తొట్టి ఉన్న ఈ బండ్లు 1988లో కవాసాకి మ్యూల్‌తో పొలం పనుల్లోకి వచ్చి, ఆ తర్వాత జాన్ డియర్ గేటర్‌తో విస్తరించాయి. చిన్న తరగతి పొలారిస్ రేంజర్ 570 తొట్టిలో 500 పౌండ్లు, అంటే 227 కిలోలు వేయవచ్చు, 680 కిలోలు లాగవచ్చు. రాంచర్ వెనక క్యారియర్‌తో పోలిస్తే తొట్టి దాదాపు నాలుగింతలు మోస్తున్నది, అదీ చక్రాల మధ్య, తక్కువ ఎత్తులో. జూలై ఎండ 38 డిగ్రీలు దాటే చోట నెత్తి మీద కప్పు ఉండడం కూడా చిన్న విషయం కాదు. నెమ్మదిగా, బరువుగా, రోజంతా నడిచే పనికి కుబోటా వారి డీజిల్ ఆర్‌టీవీలు ఉన్నాయి. బ్యాటరీ మీద నడిచే రేంజర్లు కూడా వచ్చాయి, పశువులు బెదరని వాటి నిశ్శబ్దం మేత వేసేవారికి నచ్చుతుంది. ప్రతికూలత ధరలోనూ వెడల్పులోనూ ఉంది. పనికివచ్చే ఏటీవీ ఆరేడు వేల డాలర్ల నుంచి దొరికితే సైడ్ బై సైడ్‌కు సాధారణంగా పది వేలు, ఆ పైన పెట్టాలి. పైగా నాలుగడుగుల చిన్న గేట్లలోంచి, చెట్ల సందుల్లోంచి అది దూరదు.

దున్నడం, గుంతలు తవ్వడం, గుండ్రటి పెద్ద గడ్డి బేళ్లు ఎత్తడం ఉంటే ఆ రెండూ కావు, చిన్న ట్రాక్టర్ కావాలి. ఏటీవీకి ఇంజిన్ శక్తిని వెనక తగిలించిన పరికరానికి అందించే పిటిఓ ఉండదు, పరికరాన్ని లేపి దించే మూడు చేతుల అమరిక ఉండదు. వెనక లాగే గడ్డి కోత యంత్రం కూడా తన సొంత ఇంజిన్ మీదే నడవాలి. అంతటి యంత్రం ఖరీదు, ఏటీవీ ఖరీదు కలిపి లెక్కవేసినవారు వాడిన ట్రాక్టర్ ధరల వైపు తిరగడం న్యాయమే.

ఏటీవీ సీటు పొడవుగా ఉండడం చూసి ఇద్దరికని భ్రమపడడం సహజం. ఆ పొడవు నడిపేవారు ఎత్తెక్కేటప్పుడు ముందుకు, దిగేటప్పుడు వెనక్కి, మలుపులో పక్కకు జరగడానికి ఇచ్చిన చోటు. నడిపే మనిషి శరీరమే ఈ బండికి సగం నిలకడ. ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులనో, బావమరిదినో ముచ్చటగా వెనక ఎక్కించుకున్న క్షణం ఆ చోటు పోతుంది, వెనక బరువు పెరుగుతుంది. ఇద్దరికోసం ప్రత్యేకంగా చేసిన మోడళ్లు వేరే ఉన్నాయి. అలాగే పెద్దల బండి మీద 16 ఏళ్ల లోపువారు ఎక్కరాదని బండి మీదే అంటించి ఉంటుంది. ఆ అంటింపు వెనక చరిత్ర ఉంది. మూడు చక్రాల ఏటీవీల మీద ప్రమాదాలు విపరీతంగా పెరిగిన తర్వాత 1988లో అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్‌కూ కంపెనీలకూ మధ్య కోర్టు ద్వారా ఒప్పందం కుదిరి ఆ బండ్ల అమ్మకం ఆగింది. పాత సామాను వేలాల్లో అవి ఇప్పటికీ చవకగా కనిపిస్తుంటాయి. ఎంత చవకైనా దూరంగా ఉండవలసినవి.

నాలుగు చక్రాలు వచ్చాక కూడా బోల్తాలు ఆగలేదు. ఆస్ట్రేలియా ఈ విషయంలో చాలా ముందుకు వెళ్లింది. 2021 అక్టోబరు నుంచి అక్కడ అమ్మే కొత్త పనిబండి ప్రతిదానికీ, తిరగబడినప్పుడు నడిపేవారి మీద పూర్తి బరువు పడకుండా ఆపే రక్షణ చట్రం ఉండి తీరాలి. దీన్ని ఒప్పుకోని హోండా, యమహా, పొలారిస్ వంటి పెద్ద కంపెనీలు ఆ దేశంలో క్వాడ్ బైకుల (ఏటీవీలకు అక్కడి పేరు) అమ్మకమే మానుకున్నాయి. అమెరికాలో అలాంటి నిబంధన లేదు, కంపెనీలు దాన్ని బిగించి ఇవ్వవు. వెనక నిలిపే ఆ చట్రం విడిగా దొరుకుతుంది. దాని ప్రయోజనం మీద కంపెనీలు చేసే వాదన ఏదైనా, పది కిలోమీటర్ల వేగంతో చెరువు గట్టు మీద ఒంటరిగా తిరిగే మనిషికి అది పనికివచ్చే వస్తువే. హెల్మెట్ అంతకన్నా చవక.

పొలం రెండు ముక్కలుగా, రోడ్డుకు అటూ ఇటూ ఉన్నవారు ఒక నియమం గుర్తుంచుకోవాలి. టెక్సాస్‌లో ఏటీవీ సాధారణంగా రోడ్డు బండి కాదు. వ్యవసాయ పని మీద వెళ్తున్న రైతుకు మాత్రం పగటి పూట, 25 మైళ్ల దూరం మించకుండా, లైసెన్సు ఉండి, ముందూ వెనకా దీపాలు వెలిగించి, వెనక పొడవాటి కర్రకు నారింజ రంగు ముక్కోణపు జెండా కట్టుకుని వెళ్లే మినహాయింపు ఉంది.

వాడిన బండి కొనడం తప్పేమీ కాదు. మైళ్ల కన్నా ఇంజిన్ నడిచిన గంటలు చూడాలి, ఆ గంటలకు తగ్గట్టు కాలిపట్టీలు, హ్యాండిల్ పిడులు అరిగాయో లేదో పోల్చుకోవాలి. ముందు చక్రాల వెనక రబ్బరు తొడుగులు వేలితో తడిమితే గ్రీజు అంటకూడదు. గాలి ఫిల్టరు మూత తీసి, ఫిల్టరు దాటి ఇంజిన్ వైపు గొట్టంలో వేలు తిప్పితే దుమ్ము అంటుకున్న బండిని బేరమాడకుండానే వదిలేయాలి; ఇంజిన్ లోపలికి ఏం పోయిందో ఆ వేలే చెబుతుంది. నాలుగు చక్రాల మీట వేసి, చదును గచ్చు మీద కాకుండా గులక మీదో గడ్డి మీదో నెమ్మదిగా తిప్పి, ముందు చక్రాలు నిజంగా లాగుతున్నాయో లేదో చూడాలి. చివరగా, అమ్మేవారి చేతిలో వారి పేరు మీదే టైటిల్ (యాజమాన్య) కాగితం ఉండాలి. అది లేకుండా ‘తర్వాత పంపిస్తాను’ అనే మనిషికి ఒక్క డాలరు కూడా ముందుగా ఇవ్వనక్కరలేదు.